పాత ఆఫీసు కంప్యూటర్‌లో వాలరెంట్ తడబడకుండా నడవాలంటే: ఏ పార్టు ముందు, ఏది తర్వాత

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో సెకండ్ హ్యాండ్ షాపుకి వెళ్తే వరుసగా కనిపించేవి డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ డబ్బాలు. కంపెనీలు వాడి తీసేసినవి. లోపల ఎక్కువగా ఐ5 ఫోర్త్ జనరేషన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉంటాయి. ఎప్పుడో ఇంజనీరింగ్ చదువు కోసం ఇంట్లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ అయితే హెచ్61 లేదా హెచ్81 మదర్‌బోర్డు ఉంటుంది. ఈ మార్గదర్శి ఈ రెండు రకాల మెషిన్ల కోసం. ఉదాహరణగా ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ వాలరెంట్‌ని తీసుకున్నాం. అలాంటిదే ఇంకో గేమ్ కౌంటర్ స్ట్రైక్ 2 ఎక్కడ తేడా పడుతుందో అక్కడ చెప్తాం.

గేమ్ లాగ్ అయితుందనగానే చాలామంది నేరుగా వెళ్లి గ్రాఫిక్స్ కార్డు కొంటారు. ఇలాంటి మెషిన్‌లో మొదట కొనాల్సింది అది కాదు. వాలరెంట్ సెకనుకి 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో నడవడానికి దాని తయారీదారు రయట్ చెప్పే లెక్క ఐ3-4150 ప్రాసెసర్, జీటీ 730 కార్డు. అంటే ఫోర్త్ జనరేషన్ ఐ5కి ఆ గేమ్ బరువు కాదు. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, దుమ్ము పట్టిన హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ), ఇంకో గదిలో ఉన్న వైఫై రౌటర్, ఈ నాలుగూ ఉన్నచోట ఎంత ఖరీదైన కార్డు పెట్టినా తడబాటు పోదు.

ముందు లోపం ఎక్కడుందో పట్టుకోండి

గేమ్ స్మూత్‌గా ఉందా లేదా అన్నది సగటు ఫ్రేముల సంఖ్యను బట్టి తేలదు. 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీ సెకన్లు. సగటు 90 చూపిస్తున్నా, ఎదురుగా మనిషి కనిపించిన క్షణాన ఒక్క ఫ్రేము 150 మిల్లీ సెకన్లు ఆగితే ఆ రౌండ్ పోయినట్టే. సగటు కాస్త తక్కువున్నా పర్వాలేదు, మధ్యలో ఆగకుండా ఉండాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

వాలరెంట్ సెట్టింగ్స్‌లో వీడియో, అందులో స్టాట్స్ తెరిచి క్లయింట్ ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు), నెట్‌వర్క్ ఆర్‌టీటీ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం, అంటే పింగ్), ప్యాకెట్ లాస్ (దారిలో పోయిన డేటా), ఈ మూడింటినీ టెక్స్ట్, గ్రాఫ్ రెండూ కనిపించేలా పెట్టండి. కౌంటర్ స్ట్రైక్ 2లో ఇవే గేమ్ సెట్టింగ్స్‌లోని టెలిమెట్రీ కింద ఉంటాయి. తర్వాత డెత్‌మ్యాచ్ ఒకటి ఆడుతూ, ఆగినప్పుడు ఏ గ్రాఫ్ ఎగిరిందో చూడండి. ఫ్రేముల గీత పడిపోయి నెట్‌వర్క్ గీత నిలకడగా ఉంటే లోపం కంప్యూటర్‌లో ఉంది. ఫ్రేములు బాగుండి ఆర్‌టీటీ గానీ ప్యాకెట్ లాస్ గానీ ఎగిరితే లోపం నెట్‌లో ఉంది, అప్పుడు పార్టులకి పైసా పెట్టొద్దు. చివర్లో ఉన్న నెట్ భాగానికి వెళ్లండి.

లోపం కంప్యూటర్‌దే అని తేలితే, గేమ్ నడుస్తుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. మెమరీ 90 శాతం దాటి, డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుంటే ర్యామ్ చాలడం లేదు, విండోస్ హార్డ్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటోంది. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ ఒక్కటే 100 చూపిస్తే హార్డ్ డిస్క్ తప్పు. ప్రాసెసర్ స్పీడ్ కూడా చూడండి. ఐ5-4590 అసలు స్పీడ్ 3.3 గిగాహెర్ట్జ్. లోడ్ మీద అది 2కో 1.5కో దిగిందంటే వేడికి తనను తాను తగ్గించుకుంటోందని అర్థం. ఇవేవీ కాకుండా గ్రాఫిక్స్ ఒక్కటే 99 శాతంలో ఉంటేనే కార్డు గురించి ఆలోచించండి.

అదే మెమరీ పేజీలో స్లాట్లు ఎన్ని, ఎన్ని నిండాయి, ర్యామ్ స్పీడ్ ఎంత అన్నది కూడా ఉంటుంది. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, షాపులో పనికొస్తుంది.

దుమ్ము, వేడి

వరంగల్, రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో పగలు 44, 45 డిగ్రీలు మామూలు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. చలికాలంలో బాగా ఆడిన మెషిన్ ఏప్రిల్ నుంచి తడబడటానికి కారణం ఇదే. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి లాంటి బొగ్గు ఊళ్లలో నల్లటి సన్న పొడి, జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి నూగు హీట్‌సింక్ రేకుల మధ్య పట్టేస్తాయి. ఎయిర్ కూలర్ ముందు క్యాబినెట్ పెడితే ఇంకా ఘోరం. తడిగాలికి దుమ్ము అట్ట కట్టి, బ్లోయర్‌కి కూడా ఊడదు. కూలర్ గాలి మనిషికి తగలాలి గానీ క్యాబినెట్‌కి తగలకూడదు.

వైరు పీకి, పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్‌ని బయట వరండాలోకి తీసుకెళ్లి సైడ్ రేకు తీయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి. గాలికి ఫ్యాన్ జోరుగా తిరిగితే బేరింగ్ పోతుంది, వెనక్కి కరెంటు పుట్టి బోర్డుకి కూడా దెబ్బ తగలొచ్చు. ఇల్లూడ్చే వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, దాని గొట్టం దగ్గర స్టాటిక్ పుడుతుంది. పవర్ సప్లై డబ్బాని బయట నుంచే ఊదండి, విప్పకండి. వైరు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

థర్మల్ పేస్ట్ ఇన్నేళ్లకి ఎండి సుద్దలా అయిపోయి ఉంటుంది. హీట్‌సింక్ తీసే ముందు కంప్యూటర్‌ని ఐదు నిమిషాలు నడిపితే పేస్ట్ మెత్తబడుతుంది. తీసేటప్పుడు పైకి లాగకుండా అటూ ఇటూ కొద్దిగా తిప్పి లేపండి. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో తుడవండి. కొత్త పేస్ట్ ప్రాసెసర్ మధ్యలో బఠానీ గింజంత చాలు, హీట్‌సింక్ బరువే దాన్ని పరుస్తుంది.

అసెంబుల్డ్ సిస్టమ్‌లో ఉండే ఇంటెల్ గుండ్రటి కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. బిగించే ముందు నాలుగు పిన్నుల తలల్నీ మొదటి స్థితికి తిప్పి పెట్టుకోండి. ఎదురెదురు మూలలవి జతగా నొక్కుతూ పోతే ఒక్కోటి టక్కుమంటుంది. ఆ తర్వాత బోర్డు వెనక వైపు చూడండి, నల్ల పిన్ను నాలుగు చోట్లా తెల్ల కాళ్ల మధ్య నుంచి బయటికి వచ్చి ఉండాలి. ఒక్క మూల ఊడి ఉన్నా కూలర్ ఓరగా కూర్చుంటుంది. విండోస్ మామూలుగా నడుస్తుంది, గేమ్ తెరిచిన రెండు నిమిషాల్లో వేడి 100 డిగ్రీలకి ఎక్కుతుంది. అన్నీ బిగించాక వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రామ్ పెట్టి అరగంట ఆడండి. 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 90 దాటితే ఏదో ఒక మూల సరిగ్గా కూర్చోలేదు. క్యాబినెట్‌లో చోటుంటే ముందు నుంచి గాలి పీల్చేలా ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, వెనక నుంచి వదిలేలా ఇంకొకటి పెట్టండి.

చేతిలో పని ఉండగానే బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్చేయండి. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్తుంది, గేమ్ లాగిన్ సర్వర్ సెక్యూరిటీ ఎర్రర్ చూపిస్తుంది. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు కూడా మొదటికి వచ్చి ఒక్కోసారి విండోసే ఎక్కదు.

ర్యామ్: ఒక్కటి కాదు, జత

8 జీబీ కనీసం, 16 ఉంటే నిశ్చింత. కౌంటర్ స్ట్రైక్ 2 అడిగేది కూడా 8 జీబీనే, కానీ వెనక డిస్కార్డ్, క్రోమ్ తెరిచి ఉంటే 8 ఇరుకవుతుంది.

ఒక 8 జీబీ స్టిక్ కంటే రెండు 4 జీబీ స్టిక్‌లు మేలు. రెండు ఛానళ్లలో ఒక్కోటి ఉంటే ప్రాసెసర్‌కి దారి రెట్టింపవుతుంది. వేరే కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్ మీద ఆడేవాళ్లకి ఈ తేడా కళ్లకే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఏ రెండు జతో బోర్డు మీదే రంగుతోనో అంకెతోనో చూపిస్తారు. డెల్‌లో తెల్ల లాచ్‌లున్న 1, 2 స్లాట్లు జత. పని అయ్యాక సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే ఛానెల్ దగ్గర డ్యుయల్ అని కనిపించాలి.

సెకండ్, థర్డ్, ఫోర్త్ జనరేషన్ బోర్డులన్నీ డీడీఆర్3. డీడీఆర్4 స్టిక్ వీటిలో దిగదు, గాడి వేరేచోట ఉంటుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అదీ పనికిరాదు. కొనేది 1600 స్పీడ్‌ది. లేబుల్ మీద పీసీ3-12800 అని ఉన్నా అదే. పీసీ3ఎల్ అంటే 1.35 వోల్టులది, ఫోర్త్ జనరేషన్‌లో బాగా నడుస్తుంది. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించే 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌ల వివరాల్లో ఎక్కడో మూలకి ఏఎండీకి మాత్రమే అని రాసి ఉంటుంది. అవి ఇంటెల్ బోర్డులో బూట్ కావు. ఆ ఒక్క లైన్ చదవకుండా డబ్బు కట్టకండి.

స్టిక్ పెట్టాక తెర నల్లగా ఉండి బీప్‌లు వస్తే కంగారుపడొద్దు. తీసి, పసిడి రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊది, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కండి. ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూస్తే చెడ్డదేదో తెలిసిపోతుంది. తర్వాత విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి. పాత ర్యామ్‌లో లోపముంటే గేమ్ మధ్యలో నీలి తెరగా బయటపడుతుంది, నేరం మాత్రం గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది.

ఎస్‌ఎస్‌డీ, విండోస్

పాత హార్డ్ డిస్క్ సెకనుకి వంద, నూటయాభై ఎంబీ ఇస్తుంది. అదీ వరుసగా చదివినప్పుడే, చిన్న చిన్న ఫైళ్లకి పూర్తిగా చతికిలపడుతుంది. మామూలు డిస్క్ వైరుతో తగిలించే సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, 500 దాటుతుంది. మ్యాప్ లోడింగ్ త్వరగా అవుతుంది, మ్యాచ్ మొదలైన మొదటి నిమిషంలో వచ్చే తడబాటు పోతుంది. సైజు 480 లేదా 500 జీబీ తీసుకోండి. కౌంటర్ స్ట్రైక్ 2 ఒక్కదానికే 85 జీబీ అడుగుతారు, 240 జీబీ మూడు నెలల్లో నిండిపోతుంది. ఈ బోర్డులకి ఎన్‌వీఎంఈ, అంటే ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు. అడాప్టర్ కార్డుతో పెట్టినా చాలా బోర్డుల బయోస్ దాన్నుంచి బూట్ చేయదు. హెచ్81 బోర్డులో రెండు సాటా పోర్టులు మాత్రమే పూర్తి స్పీడ్‌వి, వాటిలో ఒకదానికే ఎస్‌ఎస్‌డీ తగిలించండి. హెచ్61లో అన్నీ సగం స్పీడ్‌వే, అయినా హార్డ్ డిస్క్‌తో పోలికే లేదు.

పాత విండోస్‌ని కాపీ కొట్టి ఎక్కించడం కంటే కొత్తగా వేసుకోవడం మంచిది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఫొటోలు, సర్టిఫికెట్లు ముందే వేరేచోట దాచండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హార్డ్ డిస్క్ వైరు పీకేసి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచండి. రెండూ ఉంటే విండోస్ తన బూట్ ఫైళ్లని హార్డ్ డిస్క్ మీద పెట్టేస్తుంది, రేపు ఆ డిస్క్ తీసిన రోజు కంప్యూటర్ లేవదు. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చండి, డెల్ మెషిన్లలో అది తరచుగా రెయిడ్‌లో ఉంటుంది.

ఏ విండోస్ వేయాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. విండోస్ 11 అధికారికంగా ఎయిత్ జనరేషన్ నుంచే. విండోస్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ ప్రోగ్రామ్‌తో ఆ చెక్‌ని దాటించి ఫోర్త్ జనరేషన్‌లో కూడా వేస్తారు, షాపులవాళ్లు అలాగే వేసి ఇస్తారు. మిగతా పనులకి అది నడుస్తుంది గానీ వాలరెంట్‌కి నడవదు. దాని కాపలా ప్రోగ్రామ్ వాన్‌గార్డ్, విండోస్ 11 మీద టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే బయోస్ సెట్టింగ్) రెండూ ఉండాలంటుంది. లేకపోతే వాన్ 9001 లేదా 9003 ఎర్రర్ ఇచ్చి గేమ్‌ని ఆపేస్తుంది. విండోస్ 10 మీద సాధారణంగా ఈ షరతు లేదు. కాబట్టి ఈ మెషిన్లకి విండోస్ 10. దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో పొడిగింపు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. గేమ్ కోసం పెట్టిన మెషిన్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకపోవడం మంచిది. విండోస్ 7 మీద ఆగిపోయినవాళ్లు ఎలాగూ మారాల్సిందే, గేములు అమ్మే స్టీమ్ 2024 జనవరి 1 నుంచే దానికి సపోర్ట్ ఆపేసింది.

పవర్ సప్లై, కరెంటు

కార్డు కొనే ముందు పవర్ సప్లై లేబుల్ చదవండి. పైన పెద్దగా రాసిన 450 వాట్లు అనే అంకెని నమ్మొద్దు, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూడండి. అక్కడ 16 ఆంపియర్లుంటే 12 × 16, అంటే 192 వాట్లే కార్డుకి, ప్రాసెసర్‌కి కలిపి దొరికేది. ఫోర్త్ జనరేషన్ ఐ5కి 84 వాట్లు, స్లాట్ నుంచే కరెంటు తీసుకునే కార్డుకి 75, మిగతావాటికి ఒక 40 వేసుకుంటే 200 దగ్గర పడుతుంది. కాబట్టి అసెంబుల్డ్ సిస్టమ్‌లో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పవర్ సప్లైని మార్చి, పేరున్న కంపెనీ 450 వాట్లది పెట్టండి. పాతది పేలితే అదొక్కటే పోదు, బోర్డుని కూడా తీసుకుపోతుంది.

డెల్ ఆప్టిప్లెక్స్ 9020లో వచ్చే పవర్ సప్లై చిన్న డబ్బాలో 255, పెద్దదాంట్లో 290 వాట్లు. అంకె చిన్నదైనా నిఖార్సైనది, 75 వాట్ల కార్డుని మోస్తుంది. అయితే బోర్డుకి వెళ్లే కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, డెల్ సొంత 8 పిన్నులది. మార్చాలంటే అడాప్టర్ వైరు కావాలి. హార్డ్ డిస్క్ వైరు నుంచి కార్డుకి 6 పిన్ కరెంటు తీసే చవక అడాప్టర్లు మాత్రం వాడొద్దు, కనెక్టర్ కరిగిపోతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఇంట్లో ఎర్తింగ్ లేదు. కొత్త పార్టులు పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. యూపీఎస్ 600 వీఏది సాధారణంగా 360 వాట్లు మోస్తుంది, ఈ లెక్కకి చాలు. దాని బ్యాటరీ రెండు మూడేళ్లకి చస్తుంది. ఈదురుగాలుల రోజుల్లో కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా మ్యాచ్ మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందంటే ఆ బ్యాటరీనే అనుమానించండి. రౌటర్‌ని, ఫైబర్ డబ్బాని కూడా యూపీఎస్‌కే తగిలించండి.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు

పైవన్నీ అయ్యాక కూడా గ్రాఫిక్స్ 99 శాతంలోనే ఉంటేనే దీని వంతు. పవర్ సప్లై నుంచి విడిగా 6 పిన్ కరెంటు వైరు అడగని కార్డులే చూడండి.

మా ఎంపిక జీటీఎక్స్ 1650, ఆ 6 పిన్ లేని రకం. కొత్తదానికి చేతిలో డబ్బుంటే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, అది 70 వాట్లే. జీటీఎక్స్ 1050 టీఐ ఇప్పటికీ వాలరెంట్‌కి బాగా సరిపోతుంది. కానీ ఆ తరం కార్డులకి ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబర్‌తో ఆపేసింది, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లే. బాగా తక్కువకి వస్తేనే తీసుకోండి. జీటీ 1030 కొంటే జీడీడీఆర్5 రకమే కొనండి. అదే పేరుతో అమ్మే డీడీఆర్4 రకానికి మెమరీ వేగం మూడో వంతే. ఆర్‌ఎక్స్ 6400 జోలికి వెళ్లొద్దు. నాలుగే లేన్ల (డేటా దారుల) కార్డు కాబట్టి పాత బోర్డులో గొంతు నొక్కేసినట్టు నడుస్తుంది.

సన్నటి ఆఫీసు డబ్బా అయితే పొట్టి కార్డు, అంటే లో ప్రొఫైల్ రకమే పడుతుంది, పొట్టి బ్రాకెట్ పెట్టెలో ఉందో లేదో అడగండి. మానిటర్‌కి పాత వీజీఏ వైరు ఒక్కటే ఉంటే ఇంకో చిక్కు. 1050 టీఐ నుంచి పైకి కార్డుల్లో వీజీఏ రాదు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిప్పున్న అడాప్టర్ కొనాలి.

సెకండ్ హ్యాండ్ కార్డులో మోసం ఎక్కువ. పాత జీటీఎస్ 450 చిప్ మీద 1050 టీఐ అని బయోస్ ఎక్కించి అమ్ముతారు, విండోస్ కూడా ఆ పేరే చూపిస్తుంది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి షాపులోనే తెరవండి. నకిలీ అయితే పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. షేడర్ల (కార్డులోని చిన్న లెక్కల యూనిట్ల) సంఖ్య కూడా చూడండి, 1050 టీఐకి 768, 1650కి 896. వరంగల్‌లో దొరక్క సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లేవాళ్లు బోర్డు మోడల్ నంబర్, పవర్ సప్లై లేబుల్, క్యాబినెట్ లోపలి ఫొటో, మానిటర్ వెనక ఉన్న పోర్టుల ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. కాజీపేట నుంచి రెండు గంటల ప్రయాణం చేసి తెచ్చాక డబ్బాలో పట్టకపోతే మళ్లీ పోవాలి.

పెట్టడం తేలికే. పాత డ్రైవర్‌ని సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తుడిచే ప్రోగ్రామ్‌తో తీసేయండి. కార్డుని స్లాట్‌లో లాచ్ పడేదాకా నొక్కి, స్క్రూ బిగించి, మానిటర్ వైరుని కార్డుకే తగిలించండి. బోర్డుకే వదిలేస్తే పాత గ్రాఫిక్స్ మీదే ఆడుతుంటారు. తెర అసలు రాకపోతే, ముఖ్యంగా హెచ్61 మీద, బయోస్ పాతదై ఉంటుంది. కార్డు తీసి, బయోస్ అప్‌డేట్ చేసి, మళ్లీ పెట్టండి. ఆ అప్‌డేట్ యూపీఎస్ మీదే చేయాలి, మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుంది.

ప్రాసెసర్ గురించి రెండు ముక్కలు. హెచ్81లో ఐ3-4130 ఉంటే సెకండ్ హ్యాండ్ ఐ5-4590 పెట్టుకోవచ్చు, హెచ్61లో ఐ3-2100 ఉంటే బయోస్ అప్‌డేట్ తర్వాత ఐ5-3470. సాకెట్‌లోని పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయి, వేలు తగిలితే వంగిపోతాయి. ప్రాసెసర్‌ని జారవిడవకుండా నిలువుగా దించండి. ఐ5 ఉన్నవాళ్లు ఐ7-4790కి మారితే వాలరెంట్‌లో వచ్చే లాభం ఖర్చుకి తగ్గట్టు ఉండదు.

గేమ్ సెట్టింగులు

వాలరెంట్‌లో మెటీరియల్, టెక్స్చర్, డీటెయిల్, యూఐ క్వాలిటీ అన్నీ లో. విన్యెట్, వీసింక్, బ్లూమ్, డిస్టార్షన్, నీడలు ఆఫ్. మల్టీథ్రెడెడ్ రెండరింగ్ కనిపిస్తే ఆన్. డిస్‌ప్లే ఫుల్‌స్క్రీన్. హెచ్‌డీ 4600 మీదైతే 1280 × 720. ఫ్రేముల పరిమితిని, మీ మెషిన్ రద్దీ రౌండ్‌లో కూడా అందుకోగలిగిన అంకె దగ్గర పెట్టండి. 70కీ 140కీ మధ్య ఊగడం కంటే 75 దగ్గర నిలబడితే గురి బాగుంటుంది. విండోస్‌లో పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్, వెనక రికార్డింగ్ ఆఫ్, స్టార్టప్‌లో అక్కర్లేనివన్నీ ఆఫ్. రెండో యాంటీవైరస్ ఉంటే తీసేయండి.

నెట్

మనకు దగ్గరి వాలరెంట్ సర్వర్ ముంబైలో ఉంది, లాబీలో అదే ఎంపికై ఉందో చూసుకోండి. ఆటకి స్పీడ్ పెద్దగా అక్కర్లేదు, నిలకడ కావాలి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 300కి మార్చినంత మాత్రాన పింగ్ తగ్గదు.

మొదట రౌటర్ నుంచి కంప్యూటర్‌కి క్యాట్ 6 వైరు లాగండి, డాబా మీదకైనా సరే. కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్న అడాప్టర్. 2.4 మీద చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ కొట్టుకుంటుంటాయి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ కమాండ్‌తో రౌటర్ అడ్రసుకి, సాధారణంగా 192.168.1.1కి, ఐదు నిమిషాలు ఆగకుండా పింగ్ పెట్టండి. ఇక్కడే అంకెలు 1 మిల్లీ సెకను నుంచి 80కి ఎగురుతుంటే లోపం ఇంట్లోనే, కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. ఇక్కడ నిలకడగా ఉండి బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి పెట్టినప్పుడు ఎగిరితే లోపం బయట లైన్‌లో ఉంది. అప్పుడు ఫైబర్ డబ్బా పేజీలో అందుతున్న ఆప్టికల్ పవర్ చూడండి. అది మైనస్ 27 డీబీఎం దగ్గరకి దిగిందంటే వైరు ఎక్కడో వంగిపోయింది, లేదా స్తంభాల మీద కోతులు లాగి జాయింటు వదులు చేశాయి. ఆ అంకె చెప్పి కంప్లయింట్ ఇస్తే మనిషి త్వరగా వస్తాడు.

రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో వాళ్లు వీడియో చూసినప్పుడో, ఎవరి ఫోనో ఫొటోలు పైకి పంపినప్పుడో మాత్రమే పింగ్ ఎగిరితే, రౌటర్‌లోని క్యూఓఎస్‌లో (నెట్ స్పీడ్‌ని పంచే సెట్టింగ్) అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండిటినీ అసలు స్పీడ్‌లో 85 నుంచి 90 శాతానికి కట్టేయండి. క్యూ కట్టకుండా ఆట ప్యాకెట్లకి దారి దొరుకుతుంది.

డబ్బు ఎక్కడ ఆపాలి

పెంటియం, సెలెరాన్ ఉన్న బోర్డులకి, ఫస్ట్ జనరేషన్‌కి పెద్ద ఖర్చు పెట్టొద్దు. వాటిలో ఏవీఎక్స్ (ప్రాసెసర్‌లోని ఒక రకం లెక్కల సూచనలు) ఉండదు, కొన్ని కొత్త గేములు తెరుచుకోనే తెరుచుకోవు. మిగతావాళ్లు కొనేటప్పుడు ఒక లెక్క పెట్టుకోండి. ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, మామూలు సైజు పవర్ సప్లై, యూపీఎస్ రేపు కొత్త మెషిన్‌లోకి వస్తాయి, కాబట్టి వాటిని బిల్లుతో, వారంటీతో మంచివి కొనండి. డీడీఆర్3 ర్యామ్, పాత సాకెట్ ప్రాసెసర్ ఈ బోర్డుతోనే పోతాయి. అవి సెకండ్ హ్యాండ్‌లో, షాపులో మీ కళ్ల ముందు పెట్టి చూపించి, వారం రోజుల్లో తేడా వస్తే మార్చిస్తానన్న మాట మీద తీసుకోండి.